కణ సంకేత ప్రసార పరిశోధనలో జీవ అణువుల నామ వ్యవస్థీకరణ: పర్యాయాలు, నానార్థాలు, గుర్తింపు సంఖ్యలు

సారాంశం

కణ సంకేత ప్రసారంలో పాల్గొనే ప్రొటీన్లకు, జన్యువులకు, చిన్న అణువులకు వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు కాలాల్లో పేర్లు పెట్టాయి. ఫలితంగా ఒకే అణువుకు అనేక నామాలు, ఒకే నామానికి అనేక అణువులు ఏర్పడ్డాయి. ఈ స్థితికి గల చారిత్రక కారణాలను, దాన్ని సరిదిద్దడానికి ఏర్పడిన అంతర్జాతీయ వ్యవస్థలను, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. అణువు పేరుతో పాటు దాని జాతి, రూపం, ఫాస్ఫారిలేషన్ స్థానం కూడా నమోదైనప్పుడే సంకేత పరిశోధనలో నామం ప్రామాణికమవుతుందని ప్రతిపాదిస్తుంది. తెలుగు లిపిలో శాస్త్ర రచన చేసేవారికి ఎదురయ్యే ప్రత్యేక సమస్యలను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: కణ సంకేత ప్రసారం, కైనేజ్, నామకరణం, పర్యాయపదం, నానార్థం, గుర్తింపు సంఖ్య, ఫాస్ఫారిలేషన్

1. ఉపోద్ఘాతం

కణం తన పరిసరాల్లోని మార్పును గ్రహించి, ఆ సమాచారాన్ని లోపలికి చేరవేసి, తదనుగుణంగా స్పందించే ప్రక్రియను కణ సంకేత ప్రసారం అంటారు. ఒక వృద్ధి కారకం కణత్వచం మీది గ్రాహకంతో బంధం ఏర్పరచుకుంటుంది. ఆ గ్రాహకం కణం లోపలి ప్రొటీన్లను ప్రేరేపిస్తుంది. కైనేజ్ ఎంజైములు ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ సమూహాన్ని తీసుకుని ఒకదాని తరువాత ఒకటిగా ఇతర ప్రొటీన్లకు చేరుస్తాయి. చివరకు కేంద్రకంలో కొన్ని జన్యువుల వ్యక్తీకరణ మారుతుంది.

ఈ మార్గాన్ని పటంగా గీసినప్పుడు అణువులు బిందువులుగా, వాటి మధ్య చర్యలు బాణాలుగా కనిపిస్తాయి. ఏ ఒక్క పటమూ ఒక్క ప్రయోగశాల ఫలితాలతో పూర్తి కాదు. వందలాది పత్రాల నుంచి సేకరించిన బాణాలను ఒకచోట చేర్చాలి. అలా చేర్చేటప్పుడు ఒక పత్రంలోని అణువు, మరో పత్రంలోని అణువు ఒకటేనా అన్న ప్రశ్నకు సమాధానం ఇచ్చేది పేరు మాత్రమే. పేరు తప్పితే ఒకే అణువు రెండు బిందువులుగా చీలిపోతుంది, లేదా రెండు వేర్వేరు అణువులు ఒకే బిందువులో కలిసిపోతాయి. మొదటి సందర్భంలో ఉన్న సంబంధం కనిపించకుండా పోతుంది. రెండవ సందర్భంలో లేని సంబంధం పుట్టుకొస్తుంది. అందువల్ల నామ వ్యవస్థీకరణ పరిశోధన ముగిశాక చేసే గుమాస్తా పని కాదు. అది ఆధార నిర్ధారణలో భాగం.

2. పేర్లు ఎలా పుట్టాయి?

సంకేత అణువుల పేర్లను పరిశీలిస్తే అవి ప్రధానంగా ఐదు మూలాల నుంచి వచ్చినట్లు తెలుస్తుంది.

మొదటిది అణుభారం. పి53, పి38, పి21 వంటి పేర్లలోని అంకెలు విద్యుత్ క్షేత్రంలో జెల్ మీద ఆ ప్రొటీన్ కదిలిన తీరును బట్టి అంచనా వేసిన కిలోడాల్టన్లు. ఈ అంచనాలు ఎప్పుడూ కచ్చితం కావు. 1979లో వెలుగులోకి వచ్చిన పి53 వాస్తవ ద్రవ్యరాశి సుమారు 44 కిలోడాల్టన్లే. ప్రోలిన్ అధికంగా ఉండటం వల్ల అది జెల్ మీద నెమ్మదిగా కదిలింది. కొలతలోని లోపం పేరుగా స్థిరపడింది.

రెండవది ఉత్పరివర్తనం వల్ల కనిపించే బాహ్య లక్షణం. డ్రోసోఫిలా ఈగ రెక్క అంచులో నొక్కు కనిపించినందున ఆ జన్యువు నాచ్ అయింది. పిండం మీద ముళ్ల వంటి నిర్మాణాలు దట్టంగా ఏర్పడినందున మరొకటి హెడ్జ్‌హాగ్ అయింది. మూడవది వైరస్. ఏకేటీ అనే పేరు ఏకేటీ8 అనే రెట్రోవైరస్ నుంచి వచ్చింది. నాలుగవది అణువు చేసే పని. ఐదవది శుద్ధి ప్రక్రియలోని స్థానం. 14-3-3 ప్రొటీన్ల పేరులోని అంకెలు వర్ణలేఖనంలో, విద్యుత్ విశ్లేషణలో అవి లభించిన భాగాలను సూచిస్తాయి తప్ప, అవి చేసే పని గురించి ఏమీ చెప్పవు.

వేర్వేరు మూలాల పేర్లు ఒకే అణువు దగ్గర కలుసుకున్న ఉదాహరణ డబ్ల్యూఎన్‌టీ కుటుంబం. రెక్కలు లేని డ్రోసోఫిలా ఈగల్లోని వింగ్‌లెస్ ఉత్పరివర్తనాన్ని భారతీయ శాస్త్రవేత్తలు ఆర్.పి. శర్మ, వి.ఎల్. చోప్రా 1976 నాటి పత్రంలో వర్ణించారు. 1982లో రోయెల్ నుస్సే, హెరాల్డ్ వార్మస్ చిట్టెలుకల స్తన కణితి వైరస్ చొచ్చుకుపోయే స్థానంలో ఇంట్-1 అనే జన్యువును గుర్తించారు. ఈ రెండూ వేర్వేరు జీవుల్లోని సమజాత జన్యువులని 1987లో తేలింది. 1991లో వింగ్‌లెస్, ఇంట్ అనే రెండు పేర్లను కలిపి డబ్ల్యూఎన్‌టీ అనే కుటుంబ నామాన్ని ప్రతిపాదించారు. ఈగ రెక్కను, చిట్టెలుక కణితిని అధ్యయనం చేస్తున్న రెండు శాస్త్ర సమూహాలకు ఆ తరువాతే ఉమ్మడి పదం దొరికింది.

ఈ సమస్య అణు జీవశాస్త్రంతో మొదలైనది కూడా కాదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో గుర్తించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కండరంలోని అస్థిరమైన ఫాస్ఫేట్ పదార్థానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. రెండూ ఒకే పదార్థాన్ని ఉద్దేశించినవే. ఒక పేరు రసాయన నిర్మాణాన్ని చెప్పింది, మరొకటి పాత్రను చెప్పింది. కాలక్రమంలో ఫాస్ఫోక్రియాటిన్ ఆ నిర్దిష్ట అణువు పేరుగా నిలిచింది. ఫాస్ఫాజెన్ అనేది ఫాస్ఫోఆర్జినిన్ వంటి వాటిని కూడా కలుపుకున్న వర్గ నామంగా మారింది. వ్యక్తి నామాన్నీ వర్గ నామాన్నీ వేరు చేయడం నామ వ్యవస్థీకరణలో మొదటి సూత్రమని ఈ ఉదంతం చెబుతుంది.

3. పర్యాయాలు: ఒకే అణువు, అనేక నామాలు

సంస్కృత అమరకోశమూ, దాని బాటలో తెలుగులో వెలువడిన పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహమూ పదాలను వర్గాలుగా విభజించి, ఒకే అర్థమిచ్చే మాటలను ఒకచోట చేర్చి, నానార్థాలకు వేరుగా వర్గాన్ని కేటాయించాయి. సంకేత అణువుల విషయంలోనూ అవసరమైనది సరిగ్గా ఈ విభజనే.

పర్యాయాలకు ప్రసిద్ధ ఉదాహరణ పి38. 1994లో వేర్వేరు బృందాలు ఈ కైనేజ్‌ను వేర్వేరు మార్గాల్లో చేరుకున్నాయి. బాక్టీరియా అంతర్విషానికి కణాలు స్పందించే తీరును పరిశీలించినవారు దాన్ని పి38 అన్నారు. వాపును తగ్గించే ఔషధ అణువులు అతుక్కునే లక్ష్యాన్ని వెతికినవారు సీఎస్‌బీపీ అన్నారు. ఒత్తిడికి లోనైన కణాల్లో మరో కైనేజ్‌ను పునరుత్తేజపరిచే ఎంజైమును వెతికినవారు ఆర్‌కే అన్నారు. నేడు మానవ జన్యువుకు ఆమోదిత సంకేతం ఎంఏపీకే14. ఔషధ పరిశోధన పత్రాలను సీఎస్‌బీపీ పేరుతోనూ, రోగనిరోధక పరిశోధన పత్రాలను పి38 పేరుతోనూ వెతికే విద్యార్థికి ఈ సంబంధం తెలియకపోతే సాహిత్య సమీక్షలో సగం కనిపించదు.

ఏకేటీ విషయమూ ఇటువంటిదే. 1991లో మూడు బృందాలు ఒకే కైనేజ్‌ను ఏకేటీ, పీకేబీ, ఆర్ఏసీ అనే మూడు పేర్లతో ప్రకటించాయి. ప్రొటీన్ కైనేజ్ ఏ, సీ రెండింటితోనూ పోలిక ఉన్నందున ఒకరు దాన్ని బీ అన్నారు. మరొకరు ఆ రెండింటికీ సంబంధించినదన్న అర్థంలో ఆర్ఏసీ అన్నారు. ఈ మూడవ పేరు, కణ ఆకృతిని నియంత్రించే ఆర్ఏసీ1 అనే పూర్తిగా భిన్నమైన జీటీపేజ్ పేరుతో ఘర్షణ పడుతుంది. పర్యాయమే నానార్థంగా మారిన సందర్భమిది.

అంకెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎర్క్1 అనే ప్రొటీన్‌కు జన్యువు ఎంఏపీకే3. ఎర్క్2 అనే ప్రొటీన్‌కు జన్యువు ఎంఏపీకే1. అంకెల సారూప్యాన్ని నమ్మి ఎర్క్1 అంటే ఎంఏపీకే1 అని భావించినవారు, తాము అధ్యయనం చేయదలచిన జన్యువుకు బదులు మరో జన్యువును అణచివేస్తారు. ప్రయోగం సాంకేతికంగా విజయవంతమవుతుంది. నిర్ధారణ మాత్రం వేరొక అణువుకు చెందుతుంది.

4. నానార్థాలు: ఒకే నామం, అనేక అణువులు

పర్యాయాల వల్ల సమాచారం చీలిపోతుంది. నానార్థాల వల్ల సమాచారం కలుషితమవుతుంది. రెండవదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అది బయటకు పొరపాటుగా కనిపించదు.

పి21 అనే పేరు కనీసం మూడు అర్థాల్లో వాడుకలో ఉంది. మొదటిది రాస్ ప్రొటీన్; దాని అణుభారం సుమారు 21 కిలోడాల్టన్లు కావడంతో పాత పత్రాల్లో పి21 రాస్ అని కనిపిస్తుంది. రెండవది కణ విభజన చక్రాన్ని నిలిపివేసే నిరోధకం. దీనికే వాఫ్1, సిప్1, ఎస్‌డీఐ1 అనే పేర్లూ ఉన్నాయి. ఆమోదిత జన్యు సంకేతం సీడీకేఎన్1ఏ. మూడవ అర్థం పాక్ అనే కైనేజ్ కుటుంబ నామంలో దాగి ఉంది. పాక్ అంటే పి21 వల్ల ఉత్తేజితమయ్యే కైనేజ్. ఇక్కడి పి21 మాత్రం ఆర్ఏసీ, సీడీసీ42 అనే చిన్న జీటీపేజ్‌లు.

ఉత్తేజితమైన రాస్ సాధారణంగా కణ విభజనను ప్రోత్సహిస్తుంది. సీడీకేఎన్1ఏ దాన్ని ఆపుతుంది. పత్రాల సారాంశాలను కంప్యూటర్ ద్వారా చదివించి సంకేత పటాలు నిర్మించేటప్పుడు ఈ రెండూ ఒకే బిందువుగా నమోదైతే, ఒకే అణువు విభజనను ప్రోత్సహిస్తూ నిరోధిస్తున్నట్లు కనిపిస్తుంది. దాన్ని జీవశాస్త్ర వైరుధ్యంగా భావించి వివరణ వెతికే ప్రమాదం కూడా ఉంది. ఇక్కడ ఉన్నది జీవశాస్త్ర వైరుధ్యం కాదు, నామ దోషం.

5. ప్రామాణికీకరణ ప్రయత్నాలు

ఎంజైముల వర్గీకరణకు అంతర్జాతీయ సంఘం 1961లో తొలి నివేదిక ఇచ్చింది. అది ప్రతి ఉత్ప్రేరక చర్యకూ నాలుగు అంకెల సంఖ్యను కేటాయిస్తుంది. ఎంఏపీ కైనేజ్‌ల సంఖ్య 2.7.11.24. ఇందులో 2 బదిలీ ఎంజైములను, 7 ఫాస్ఫరస్ సమూహాల బదిలీని, 11 సెరీన్ లేదా థ్రియోనిన్ మీద పనిచేసే ప్రొటీన్ కైనేజ్‌లను, 24 ఆ ఉపవర్గంలో స్థానాన్ని తెలుపుతాయి. అయితే ఈ సంఖ్య చర్యకు చెందినది, ప్రొటీన్‌కు కాదు. ఎర్క్, పి38, జేఎన్‌కే మూడూ ఇదే సంఖ్య కిందికి వస్తాయి. కాబట్టి సంకేత పటంలో బిందువును గుర్తించడానికి ఇది చాలదు.

1979లో లింఫోసైట్ ద్రవ్యాల మీద జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఇంటర్‌ల్యూకిన్ అనే పదం ప్రవేశించింది. తరువాత ఇంటర్‌ల్యూకిన్-6గా స్థిరపడిన అణువుకు అంతకు ముందు ఇంటర్‌ఫెరాన్ బీటా-2, బీ కణ ఉద్దీపక కారకం-2, కాలేయ కణ ఉద్దీపక కారకం వంటి పేర్లు ఉండేవి. ప్రతి పేరూ ఒక్కో ప్రయోగంలో కనిపించిన ఒక్కో పనిని చెప్పింది. ఒకే అణువు అనేక పనులు చేస్తున్నప్పుడు పనిని బట్టి పెట్టిన పేరు తప్పుదారి పట్టిస్తుందని ఈ అనుభవం నేర్పింది. 1982లో పారిస్ సమావేశంతో మొదలైన సీడీ సంఖ్యల విధానం తెల్ల రక్తకణాల ఉపరితల అణువులకు ఇదే తరహా పరిష్కారం చూపింది.

మానవ జన్యువుల పేర్లకు 1979లో తొలి మార్గదర్శకాలు వెలువడ్డాయి. నేడు హ్యూగో జన్యు నామకరణ సంఘం నలభై వేలకు పైగా సంకేతాలను ఆమోదించింది. ప్రతి జన్యువుకు ఒక సంకేతం, ఒక పూర్తి పేరు, మారని ఒక గుర్తింపు సంఖ్య ఉంటాయి. ప్రొటీన్లకు యూనిప్రాట్ నిధి ఇలాంటి సంఖ్యలను ఇస్తుంది: మానవ ఎర్క్2కు పి28482, ఎర్క్1కు పి27361, పి38 ఆల్ఫాకు క్యూ16539. రెండు నమోదులు ఒకటేనని తేలినప్పుడు పాత సంఖ్యను తొలగించకుండా ద్వితీయ సంఖ్యగా నిలుపుతుంది. సైక్లిక్ ఏఎంపీ, ఇనోసిటాల్ ట్రైఫాస్ఫేట్ వంటి చిన్న అణువులకు చెబి అనే నిధి ఉంది. విద్యుదావేశం లేని ఏటీపీని, నాలుగు రుణావేశాలున్న ఏటీపీని కూడా అది వేర్వేరుగా నమోదు చేస్తుంది.

సంకేత పరిశోధనకే ప్రత్యేకమైన ప్రయత్నం జి-ప్రొటీన్ల ఆవిష్కరణకు 1994లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆల్‌ఫ్రెడ్ గిల్మన్ నాయకత్వంలో 2000లో ప్రారంభమైన కణ సంకేత పరిశోధన కూటమి చేసింది. నేచర్ పత్రికతో కలిసి అది అణు పుటలను రూపొందించింది. ఒక్కో సంకేత ప్రొటీన్‌కు ఒక్కో పుట, దానిలో పర్యాయాలు, శ్రేణి సమాచారం, భాగస్వాములు, వివిధ స్థితులు, వాటి మధ్య మార్పులు నమోదయ్యేవి. అణువును పేరుగా మాత్రమే కాక, స్థితుల సముదాయంగా చూడాలన్న ఆలోచన ఇందులోని విశేషం.

6. పేరు చాలదు: స్థితి, స్థానం, సముదాయం

సంకేత ప్రసారంలో సమాచారాన్ని మోసేది ప్రొటీన్ ఉనికి కాదు, దాని స్థితి. ఫాస్ఫేట్ చేరని ఎర్క్2 దాదాపు నిద్రావస్థలో ఉంటుంది. నిర్దిష్టమైన థ్రియోనిన్, టైరోసిన్ రెండింటి మీదా ఫాస్ఫేట్ చేరినప్పుడే పూర్తిగా ఉత్తేజితమవుతుంది. రెండు స్థితులకూ యూనిప్రాట్ సంఖ్య ఒక్కటే. కాబట్టి సంఖ్యకు తోడుగా స్థానాన్ని రాయాలి.

స్థాన సంఖ్య కూడా జాతిని బట్టి మారుతుంది. ఎర్క్2లో ఆ స్థానాలు మానవుల్లో 185, 187. ఎలుకల్లో 183, 185. అంటే 185 అన్న అంకె ఒక జాతిలో థ్రియోనిన్‌ను, మరో జాతిలో టైరోసిన్‌ను సూచిస్తుంది. మానవ ఎర్క్1లో అవే స్థానాలు 202, 204. రెండు ప్రొటీన్లనూ గుర్తించే ప్రతిరక్షకాలను తరచుగా ఎర్క్1 సంఖ్యలతోనే అమ్ముతారు. సార్క్ కైనేజ్ విషయంలో కోడి ప్రొటీన్‌లోని 527వ టైరోసిన్ మానవుల్లో 530వది. పాత అలవాటుతో మానవ కణాల పత్రాల్లోనూ 527 అనే రాస్తుంటారు. జాతి చెప్పని స్థాన సంఖ్య అసంపూర్ణ సమాచారం.

కొన్ని పేర్లు అణువులకు కాక సముదాయాలకు చెందుతాయి. ఎంటార్ అనే ఒకే కైనేజ్, రాప్టర్‌తో కలిసినప్పుడు ఒక సముదాయంగా, రిక్టర్‌తో కలిసినప్పుడు మరో సముదాయంగా పనిచేస్తుంది. వాటి లక్ష్యాలు వేరు. ఎంటార్ ఉత్తేజితమైందని మాత్రమే రాస్తే ఏ సముదాయమన్నది తెలియదు. అలాగే 14-3-3 అన్నది మానవుల్లో ఏడు ప్రొటీన్ల కుటుంబం; డైఎసైల్ గ్లిసరాల్ అన్నది ఒక అణువు కాదు, కొవ్వు ఆమ్ల గొలుసులు భిన్నంగా ఉన్న అణువుల వర్గం. మూల పత్రం కుటుంబ స్థాయిలో మాత్రమే చెప్పినప్పుడు, సంకలనకర్త దాన్ని ఒక నిర్దిష్ట సభ్యునికి ఆపాదించకూడదు.

7. యంత్రాలు తెచ్చిన చిక్కు

నామ దోషాలన్నీ శాస్త్రవేత్తల నుంచే రావు. మార్చ్1, సెప్ట్1 వంటి జన్యు సంకేతాలను ఎక్సెల్ పట్టికలు తేదీలుగా మార్చివేస్తాయని 2004లోనే ఒక పత్రం హెచ్చరించింది. 2016లో వెలువడిన పరిశీలన, జన్యు పట్టికలను ఎక్సెల్ రూపంలో జోడించిన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇటువంటి దోషాలను కనుగొంది. చివరకు 2020 నాటి మార్గదర్శకాల్లో నామకరణ సంఘమే ఆ సంకేతాలను మార్చ్ఎఫ్1, సెప్టిన్1 అని మార్చినట్లు ప్రకటించింది. గుర్తింపు సంఖ్యను పక్క గడిలో నమోదు చేసిన పట్టికల్లో పాడైన పేరును తిరిగి రాబట్టవచ్చు. పేరు ఒక్కటే ఉన్న పట్టికల్లో, ఒకే తేదీగా మారిన రెండు వేర్వేరు జన్యువులను విడదీయడం సాధ్యం కాదు.

8. తెలుగు లిపిలో నామాలు

తెలుగులో జీవశాస్త్ర రచనకు ఒక అదనపు సమస్య ఉంది. రోమన్ లిపిలో మానవ జన్యు సంకేతాలను అన్నీ పెద్ద అక్షరాలతోనూ, చిట్టెలుక జన్యువులను మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగానూ రాస్తారు. జన్యువును వాలు అక్షరాల్లో, ప్రొటీన్‌ను నిలువు అక్షరాల్లో చూపుతారు. డ్రోసోఫిలాలో అంతర్గత ఉత్పరివర్తనం వల్ల పేరు వచ్చిన జన్యువుకు చిన్న అక్షరం, బహిర్గతమైన దానికి పెద్ద అక్షరం వాడతారు. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు. కనుక ఎంఏపీకే1 అని తెలుగులో రాసిన మరుక్షణం అది మనిషిదా చిట్టెలుకదా, జన్యువా ప్రొటీనా అన్న సమాచారం మాయమవుతుంది. లిపి మోయలేని ఆ భారాన్ని వాక్యం మోయాలి: మానవ ఎంఏపీకే1 జన్యువు, చిట్టెలుక ఎర్క్2 ప్రొటీన్ అని విడమరచి రాయాలి.

లిప్యంతరీకరణలో నిలకడ లేకపోవడం మరో చిక్కు. కైనేజ్, కైనేస్, కినేస్ అనే మూడు రూపాలు ఒకే గ్రంథంలో కనిపిస్తే వెతికేవారికి అవి మూడు పదాలు. సుబ్బారావు పేరే ఆంగ్ల పత్రాల్లో సుబ్బరో అని చదివే వర్ణక్రమంలో ఉంది. గ్రంథాలయ సూచీల్లో రెండు రూపాలనూ కలపకపోతే ఆయన కృషి రెండుగా విడిపోతుంది. గ్రాహకం, ఉత్పరివర్తనం వంటి వర్గ నామాలను అనువదించడం, ఎర్క్2 వంటి వ్యక్తి నామాలను లిప్యంతరీకరించడం, మొదటి ప్రస్తావనలోనే గుర్తింపు సంఖ్య ఇవ్వడం అన్న మూడు నియమాలు పాటిస్తే ఈ గందరగోళం చాలావరకు తొలగుతుంది.

9. పరిశోధకులకు ఆచరణ పద్ధతి

పై చర్చ నుంచి, పరిశోధన ఆరంభంలోనే రూపొందించుకోవలసిన నామ పట్టికకు ఈ నియమాలు ఏర్పడతాయి.

1) మూల పత్రంలో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్లుగా ఒక గడిలో భద్రపరచాలి. ఆమోదిత నామం దాని స్థానంలో కాక, దాని పక్కన చేరాలి.

2) ప్రతి అణువుకు జాతి, జన్యు గుర్తింపు సంఖ్య, ప్రొటీన్ గుర్తింపు సంఖ్య వేర్వేరు గడుల్లో ఉండాలి. ఒకే జన్యువు నుంచి వచ్చే ప్రొటీన్ రూపాంతరాలు తెలిసినప్పుడు రూపాంతర సంఖ్యనూ చేర్చాలి.

3) ఫాస్ఫారిలేషన్ వంటి మార్పుకు అమైనో ఆమ్లం పేరు, స్థాన సంఖ్య, ఆ సంఖ్య ఏ జాతి శ్రేణి ప్రకారం ఇచ్చారన్నది రాయాలి.

4) నమోదు స్థాయిని స్పష్టం చేయాలి: నిర్దిష్ట అణువా, కుటుంబమా, సముదాయమా, రసాయన వర్గమా?

5) నానార్థం ఉన్న పేరు ఎదురైతే పత్రంలోని ప్రతిరక్షకం, ప్రైమర్ శ్రేణి, అణుభారం వంటి ఆధారాలతో నిర్ణయించాలి. ప్రతిరక్షకాలకు ఉన్న పరిశోధన వనరుల గుర్తింపు సంఖ్య ఇందుకు తోడ్పడుతుంది. ఆధారం దొరకనప్పుడు అనిశ్చితమని నమోదు చేయడమే సరైన పని.

6) నిధులు మారుతుంటాయి కనుక సమాచారం తీసుకున్న తేదీని, నిధి సంచిక సంఖ్యను రాయాలి. పట్టికలో గడులను పాఠ్య రూపంలో స్థిరపరచాలి.

10. ముగింపు

జీవ అణువుల పేర్లు వాటి ఆవిష్కరణ చరిత్రను మోస్తాయి. ఆ చరిత్రను చెరిపివేయడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. పి38, ఏకేటీ, వింగ్‌లెస్ వంటి పేర్లు పరిశోధకుల నిత్య సంభాషణలో కొనసాగుతూనే ఉంటాయి. వ్యవస్థీకరణ లక్ష్యం వాటిని నిషేధించడం కాదు. ప్రతి పేరు వెనుక ఏ జాతికి చెందిన, ఏ స్థితిలో ఉన్న, ఏ అణువు ఉందో సందేహం లేకుండా చెప్పగలగడం. పేరు మనుషులు మాట్లాడుకోవడానికి, సంఖ్య యంత్రాలు పోల్చడానికి, స్థితి వివరణ జీవశాస్త్రం అర్థం కావడానికి. ఈ మూడూ కలిసి నమోదైన చోటే ఒక ప్రయోగశాల ఫలితాన్ని మరో ప్రయోగశాల సరిచూడగలదు. పరిశోధక విద్యార్థులకు నామ పట్టిక నిర్మాణాన్ని ప్రయోగ పద్ధతుల్లో ఒకటిగా, మొదటి సంవత్సరంలోనే బోధించవలసిన అవసరం ఇక్కడే ఉంది.